ఒకే ముహూర్తం, అయిదు జాతకాలు

1983 జులైలో కేంద్ర ప్రభుత్వం అయిదు క్షిపణుల అభివృద్ధికి ఒకేసారి అనుమతి ఇచ్చింది. పృథ్వి, త్రిశూల్, ఆకాశ్, నాగ్, అగ్ని. అన్నింటికీ కలిపి 388 కోట్ల రూపాయలు. అవి పెరగాల్సిన ఇల్లు ఒక్కటే, హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్. ఇంటిపెద్దా ఒక్కరే, అంతకు ముందు ఏడాదే ఇస్రో నుంచి వచ్చి డైరెక్టర్‌గా చేరిన ఏపీజే అబ్దుల్ కలాం.

పుట్టిన ముహూర్తం ఒకటే అయినా జాతకాలు మాత్రం కలవలేదు. పృథ్వి అయిదేళ్లు తిరగకుండానే, 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి ఎగిరింది. 1994లో సైన్యం చేతికి వెళ్లింది. అగ్ని 1989 మేలో ఎగిరి దేశాన్ని ఆశ్చర్యపరిచింది. ఆకాశ్‌ను సైన్యం, వైమానిక దళం లాంఛనంగా చేర్చుకునేసరికి 2015 వచ్చింది. నాగ్ తన చివరి పరీక్ష ముగించింది 2020 అక్టోబరులో. త్రిశూల్ ఏ దళంలోనూ చేరలేదు. 2008లో దాని కథ ముగిసింది.

ఇలాంటి తేడాలు కనిపించినప్పుడు మనం సాధారణంగా రెండు మాటల్లో ఒకటి అంటాం. విజయం దక్కితే ‘మనవాళ్ల ప్రతిభ’, ఆలస్యమైతే ‘విదేశాల ఆంక్షలు’. ఇక్కడ ఆ రెండూ సరిపోవు. ప్రతిభ అయిదింటికీ ఒకటే, ఆంక్షలూ ఒకటే. ఒకే చేలో, ఒకే నీటితో, ఒకే రైతు అయిదు రకాల విత్తనాలు వేసి అయిదు రకాల దిగుబడి చూస్తే, తేడా విత్తనంలోనే ఉందనుకోవాలి. ఈ క్షిపణుల విషయంలో ఆ విత్తనం పేరు సాంకేతిక రిస్కు. మొదటిరోజు ఒక్కొక్క క్షిపణిలో ఎంత కొత్తదనం దాగి ఉంది, ఆ కొత్తదనాన్ని ఎప్పుడు, ఎలా ఎదుర్కొన్నారు అన్నదే వాటి జాతకాన్ని చాలావరకు రాసిపెట్టింది.

రెండు ప్రశ్నలు, ఒక గుణకారం

రిస్కు అంటే జరిగిపోయిన నష్టం అనుకోకూడదు. ఇంకా జరగనిది, జరిగే వీలున్నది రిస్కు. ఇంజన్ పేలిపోతే అది సమస్య. పేలవచ్చునని ముందే తెలిసి ఉంటే అది రిస్కు. ఈ చిన్న తేడాలోనే రిస్కు నిర్వహణ విద్య అంతా ఉంది. సమస్యను తర్వాత సరిదిద్దుకోవాలి. రిస్కును ముందే వదిలించుకోవచ్చు, అదీ చాలా తక్కువ ఖర్చుతో.

ప్రతి రిస్కుకూ ఇంజనీర్లు రెండు ప్రశ్నలు వేస్తారు. ఇది జరిగే అవకాశం ఎంత? జరిగితే నష్టం ఎంత? రెండింటికీ ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేసి, అయిదు గళ్ల పొడవు, అయిదు గళ్ల వెడల్పు ఉన్న పట్టికలో గుర్తు పెడతారు. ఒక మూలన ఆకుపచ్చ, మధ్యలో పసుపు, ఎదుటి మూలన ఎరుపు. చూడటానికి ఇది పిల్లల ఆటపలకలా ఉన్నా, వేల కోట్ల నిర్ణయాలు దీని మీదే నడుస్తాయి.

ఈ పట్టిక ఒక్కొక్క రిస్కునూ విడివిడిగా చూపిస్తుంది. అన్నీ కలిస్తే ఏమవుతుందో చెప్పదు. అందుకు చిన్న గుణకారం చేయాలి. ఒక కొత్త పరికరం అనుకున్నట్టు పనిచేసే అవకాశం పదింట తొమ్మిది అనుకుందాం. మంచి అవకాశమే. అలాంటి కొత్త పరికరాలు రెండుంటే, రెండూ పనిచేసే అవకాశం నూటికి 81. అయిదుంటే నూటికి 59. పదయితే 35 మాత్రమే. విడివిడిగా చూస్తే ప్రతి బృందమూ ‘మాది దాదాపు అయిపోయింది’ అంటుంది, నిజమే చెబుతుంది. అయినా మొత్తంగా చూస్తే అది మూడింట రెండు వంతులు ఓడిపోయే పందెం.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు మన పెద్దలు. ఒకే గిన్నెలో, ఒకే మంట మీద ఉడికింది కాబట్టి ఆ మాట అన్నానికి చెల్లుతుంది. క్షిపణిలో ఒక్కో భాగం ఒక్కో పొయ్యి మీద ఉడుకుతుంది. మోటారు మెతుకు పట్టి చూస్తే గైడెన్స్ సంగతి తెలియదు. ప్రతి పొయ్యి దగ్గరికీ వెళ్లి చూడాలి, ఆ తర్వాత అన్నీ ఒకే విస్తట్లో కలిపి మళ్లీ చూడాలి.

పాతవాటి మధ్య ఒక్క కొత్త

ఇప్పుడు అగ్నిని విప్పి చూద్దాం. దాని మొదటి దశ ఘన ఇంధన మోటారు. అది 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చిన ఎస్ఎల్‌వీ-3 రాకెట్ మొదటి దశే. రెండో దశ ద్రవ ఇంధన ఇంజన్. అది పృథ్విది. ఆ పృథ్వి ఇంజన్‌కూ ఒక తాత ఉన్నాడు. 1970లలో సోవియట్ క్షిపణి ఒకదాన్ని విప్పి చూసి తయారుచేయబోయి, చివరికి ఆయుధం చేతికి రాకుండానే ఆగిపోయిన ‘డెవిల్’ ప్రాజెక్టు.

మరి అగ్నిలో అసలు కొత్తది ఏమిటి? వాతావరణంలోకి తిరిగి ప్రవేశించే ముక్కు భాగం. శబ్దవేగానికి ఎన్నో రెట్ల వేగంతో గాలిలోకి దూసుకొచ్చే ఆ ముక్కు మీద ఉష్ణోగ్రత 2,500 డిగ్రీలు దాటుతుంది. ఇనుము 1,538 డిగ్రీలకే కరిగి నీరవుతుంది. బయట అంత మంట ఉన్నా లోపలి ఎలక్ట్రానిక్స్ చల్లగా ఉండాలి. దానికి కార్బన్ నారలను కార్బన్ దిమ్మలోనే పొదిగి చేసే మిశ్రమ పదార్థం కావాలి. అది ఏ దేశమూ అమ్మదు. ఇక్కడే చేసుకోవాలి, నేల మీద ఎన్ని పరీక్షలు చేసినా చివరికి ఎగిరి తేల్చుకోవాలి.

అగ్ని రూపకర్తల తెలివి ఇక్కడ కనిపిస్తుంది. తెలియని ప్రశ్న ఒక్కటి ఉందని గుర్తించి, దాని చుట్టూ ఉన్నవన్నీ వీలైనంత తెలిసినవిగా ఉంచారు. కొత్త మోటారు, కొత్త ఇంజన్, కొత్త కవచం మూడూ కలిపి ఎగరేస్తే, కూలినప్పుడు దోషం ఎవరిదో తేలదు. ఒక్క కొత్తదే ఉంటే విజయం నుంచీ వైఫల్యం నుంచీ కూడా పాఠం స్పష్టంగా వస్తుంది. పైగా మొదటి అగ్నిని వాళ్లు ఆయుధం అనలేదు, ‘టెక్నాలజీ డెమాన్‌స్ట్రేటర్’ అన్నారు. పని జ్ఞానం సంపాదించడమేనని ముందే ఒప్పుకున్నారు. మూడు సార్లు ఎగరేశారు. 1989లో గెలుపు, 1992లో ఓటమి, 1994లో మళ్లీ గెలుపు. ఆ తర్వాతే, రెండో దశను కూడా ఘన ఇంధనానికి మార్చి, 1999 ఏప్రిల్‌లో అగ్ని-2ను పరీక్షించారు.

ఇదే పద్ధతికి ఇంకో చక్కని ఉదాహరణ 1984 జూన్ 26న కనిపిస్తుంది. దారి చూపే సెన్సార్లను తిరిగే చట్రంలో కాకుండా క్షిపణి ఒంటికే బిగించి, చట్రం చేసే పనిని కంప్యూటర్ లెక్కలకు అప్పగించే కొత్త గైడెన్స్ వ్యవస్థ అప్పుడే తయారైంది. దాన్ని పరీక్షించడానికి పృథ్వి పూర్తయ్యేదాకా ఆగలేదు. మూలన పడి ఉన్న పాత డెవిల్ క్షిపణికి దాన్ని బిగించి ఎగరేశారు. పృథ్వి ఎగరడానికి మూడున్నరేళ్ల ముందే దాని పెద్ద భయాల్లో ఒకటి తీరిపోయింది.

ఆగమన్న మాట వినడం

రిస్కును కాగితం మీద గుర్తించడం ఒక ఎత్తు. కౌంట్‌డౌన్ నడుస్తున్నప్పుడు దాని మాట వినడం ఇంకో ఎత్తు.

1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం. ఇంకా కొద్ది నిమిషాలుండగా కంప్యూటర్ ఆగమంది. నియంత్రణ వ్యవస్థలో లీకు ఉన్నట్టు కనిపించింది. రసాయనం సరిపడా నిల్వ ఉంది కదా, ఫర్వాలేదన్నారు నిపుణులు. మిషన్ డైరెక్టర్‌గా ఉన్న కలాం కంప్యూటర్‌ను పక్కనబెట్టి ప్రయోగానికి సరేనన్నారు. మొదటి దశ బాగానే మండింది. రెండో దశ అదుపు తప్పింది. రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ఈ సంగతి కలాం తర్వాతి జీవితంలో ఎన్నో సభల్లో దాచుకోకుండా చెప్పారు. ఆనాడు ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ విలేకరుల ముందు బాధ్యత అంతా తన మీద వేసుకున్నారనీ, మరుసటి ఏడాది విజయం వచ్చినప్పుడు విలేకరుల దగ్గరికి తనను పంపారనీ చెప్పేవారు.

పదేళ్ల తర్వాత చాందీపూర్. 1989 ఏప్రిల్ 20. అగ్ని ఎగరడానికి 14 సెకన్లుండగా కంప్యూటర్ ‘హోల్డ్’ అంది. ఒక పరికరం సరిగా లేదు. అది సర్దేసరికి ఇంకో చోట నుంచి ఆగమన్నారు. అలా ఆగుతూ ఉండగా క్షిపణిలోని విద్యుత్తు ఖర్చయిపోయింది. ప్రయోగం వాయిదా. మే 1న మళ్లీ ప్రయత్నం. 10 సెకన్లుండగా మళ్లీ హోల్డ్. మొదటి దశను తిప్పే నియంత్రణ భాగం ఒకటి పనిచేయడం లేదు. మళ్లీ వాయిదా. పత్రికల్లో కార్టూన్లు వచ్చాయి. దేశమంతా చూస్తోంది. అయినా ఈసారి ఎవరూ కంప్యూటర్‌ను పక్కనబెట్టలేదు. మే 22న అగ్ని లేచింది. కవచం మంటను తట్టుకుంది.

ఎస్ఎల్‌వీ ఓటమి అగ్నికి మోటారు ఒక్కటే ఇవ్వలేదు, ఈ ఓపికనూ ఇచ్చిందని నాకు గట్టి నమ్మకం. ‘ఆలస్యం అమృతం విషం’ అన్న సామెత మన నోట ఎప్పుడూ ఉంటుంది. రిస్కు తెలిసిన ఇంజనీరు దానికి ఒక షరతు చేరుస్తాడు. కారణం తెలిసిన ఆలస్యం విషం కాదు, అది పరీక్షలో భాగం.

ఎడారి ఎండలో కనపడని ట్యాంకు

ఇప్పుడు ఆలస్యమైన తోబుట్టువుల దగ్గరికి వద్దాం.

నాగ్ పని ట్యాంకులను కొట్టడం. సైనికుడు గురి చూపించి వదిలేస్తే, తర్వాత తన దారి తనే చూసుకోవాలి. అందుకు దాని ముక్కులో పరారుణ కన్ను ఉంటుంది. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ పరారుణ కిరణాలను వెదజల్లుతుంది. నడుస్తున్న ట్యాంకు ఇంజన్ చుట్టూ ఉన్న నేల కంటే వేడిగా ఉంటుంది కాబట్టి, ఆ కంటికి అది చీకట్లో దీపంలా కనిపించాలి.

కనిపించింది కూడా, రాత్రిపూట, చలికాలంలో. రాజస్థాన్ ఎడారిలో వేసవి మధ్యాహ్నం మాత్రం ఇసుక, బండలు, పొదలు అన్నీ ట్యాంకుతో సమానంగా కాగిపోతాయి. చుట్టూ వెయ్యి దీపాలు వెలిగించిన చోట ఒక్క దీపాన్ని వెతకమన్నట్టు అవుతుంది. కంటికి కావలసింది వేడి కాదు, వేడిలో తేడా. ఆ తేడా ఒకటి రెండు డిగ్రీలకు కుదించుకుపోతే నాలుగు కిలోమీటర్ల దూరం నుంచి పోల్చుకోవడం ఎంతో కష్టం. 1990లోనే మొదటిసారి ఎగిరిన క్షిపణి, ఈ కన్ను పదును తేలేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది. 2019 జులైలో పోఖ్రాన్ ఎండలోనే పరీక్ష నెగ్గింది.

దీనిలో అందరికీ పనికొచ్చే పాఠం ఉంది. ప్రయోగశాలలో పనిచేయడం వేరు, వాడే చోట పనిచేయడం వేరు. ఈ ఎడారి ఎండ 1983లోనూ అక్కడే ఉంది. భౌతికశాస్త్రం కొత్తగా ఏమీ చెప్పలేదు. మొత్తం క్షిపణి సంగతి తర్వాత చూద్దాం, ముందు కంటిని మాత్రం తీసుకెళ్లి మే నెల మధ్యాహ్నం పోఖ్రాన్‌లో ఒక స్తంభం మీద నిలబెట్టి చూద్దాం అన్నదే రిస్కు నిర్వహణ అడగాల్సిన మొదటి పని.

ఆకాశ్‌లో కొత్తవి ఇంకా ఎక్కువ. దాని రామ్‌జెట్ ఇంజన్ గాలిలోని ఆక్సిజన్‌నే వాడుకుంటూ లక్ష్యం దాకా తోపు ఇస్తూనే ఉండాలి. దానికి తోడు రాజేంద్ర అనే రాడార్. అది పళ్లెం తిప్పకుండానే కిరణాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో వంచి ఒకేసారి అనేక లక్ష్యాలను వెంటాడాలి. అందులో కిరణాన్ని వంచడానికి వాడే వేల ఫేజ్ షిఫ్టర్ల రూపకల్పనకు ఢిల్లీ ఐఐటీ సాయపడింది. అంటే రెండు పెద్ద కొత్త విద్యలు, మధ్యలో వాటిని కలిపే కంప్యూటర్ విద్య. వాటిని ఒక్కొక్కటిగా గెలుచుకుంటూ రావడానికి పాతికేళ్లు పట్టింది. కానీ గెలిచింది. హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ (బీడీఎల్) దాన్ని వందల సంఖ్యలో తయారుచేసింది.

త్రిశూల్‌ది మరో తీరు బరువు. ఒకే చిన్న క్షిపణి మూడు దళాల మూడు కోరికలు తీర్చాలి. రేడియో కిరణం పట్టుకుని లక్ష్యం వైపు నడవాలి. నౌకాదళం కోసమైతే సముద్రం మీద కొద్ది మీటర్ల ఎత్తులో దూసుకొచ్చే శత్రు క్షిపణిని ఎదుర్కోవాలి. అలల నుంచి వెనక్కి తుళ్లే రాడార్ కిరణాలు అక్కడ కంటిని మోసం చేస్తాయి. నౌకాదళం ఎదురుచూసి, చివరికి ఇజ్రాయెల్ నుంచి బరాక్ కొనుక్కుంది. ఓడ సముద్రం మీద ఉంది, శత్రువు ఆగడు కదా.

మెట్ల లెక్క

‘దాదాపు అయిపోయింది’ అన్న మాటకు కొలత ఎలా పెట్టాలి? 1974లో అమెరికా నాసాలో స్టాన్ సాడిన్ అనే పరిశోధకుడు ఏడు మెట్ల నిచ్చెన ఒకటి ప్రతిపాదించారు. తర్వాత అది తొమ్మిది మెట్లయింది. ఒకటో మెట్టు మీద మూల సూత్రం మాత్రమే తెలుసు. నాలుగో మెట్టు మీద భాగాలు ప్రయోగశాల బల్ల మీద కలిసి పనిచేస్తాయి. ఆరులో నమూనా అసలు వాతావరణాన్ని పోలిన చోట పనిచేస్తుంది. ఏడులో నిజంగా వాడే చోటే పనిచేస్తుంది. తొమ్మిదిలో యుద్ధరంగంలోనో అంతరిక్షంలోనో తన పని చేసి చూపించింది.

1999లో అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ ఆయుధ కార్యక్రమాలకు కూడా ఈ నిచ్చెనే వాడమని సూచించింది. ఏడో మెట్టు ఎక్కని విద్యను ఆయుధ ప్రాజెక్టులోకి తీసుకోవద్దని దాని సారాంశం. నాగ్ కన్ను నాలుగు, ఏడు మెట్ల మధ్య చాలా ఏళ్లు గడిపిందని నా అంచనా. అగ్ని మోటారు మాత్రం మొదటిరోజే పై మెట్ల మీద ఉంది.

డబ్బుంటే ఈ మెట్లు దాటేయవచ్చనుకుంటే పొరపాటు. అమెరికా నౌకాదళం విమానవాహక నౌక జెరాల్డ్ ఫోర్డ్‌ను 2017లో సేవలోకి తీసుకుంది. బాంబులను అట్టడుగు అరల నుంచి పై డెక్ మీదికి మోసే 11 కొత్తరకం విద్యుదయస్కాంత లిఫ్టులు అప్పటికి పనిచేయడం లేదు. ముందు నేల మీద పూర్తి పరిమాణంలో ఒకటి కట్టి చూడకుండా ఓడలోనే బిగించారు. చివరి లిఫ్టు చేతికి వచ్చింది 2021 డిసెంబరులో. నేల మీద ఒక గోడ కూల్చి సరిచేసుకునే తప్పును ఓడ పొట్టలో సరిచేయాలంటే ఉక్కు కోయాలి.

రిస్కు ఎక్కడికి పోతుంది

అలాగని తెలిసినదాన్నే వాడితే అంతా సుఖమని కాదు. పృథ్వి పాత ద్రవ ఇంజన్‌తో త్వరగా ఎగిరింది. దానికి వెల సైనికుడు చెల్లించాడు. ఒంటి మీద పడితే కాల్చేసే నైట్రిక్ ఆమ్ల ద్రవాన్ని బండ్లలో మోసుకెళ్లి, రణరంగంలో జాగ్రత్తగా నింపాల్సిన పని అతనిది. ప్రయోగశాలలో తగ్గిన రిస్కు శిబిరంలోకి మారింది. రిస్కు తరచూ మాయం కాదు, చేతులు మారుతుంది. ఎవరి చేతిలో పడుతోందో చూడటం కూడా నిర్వహణే.

అయిదింటినీ ఒకేసారి మొదలుపెట్టడంలోనూ ఇలాంటి బేరమే ఉంది. శాస్త్రవేత్తల బృందం దశలవారీ ప్రణాళికతో ఢిల్లీ వెళితే, రక్షణ మంత్రి ఆర్. వెంకట్రామన్ అన్నీ కలిపే మొదలుపెట్టమన్నారు. దానివల్ల మనుషులు, పరీక్ష సదుపాయాలు అయిదు వైపులా చీలిపోయాయి. కానీ నాలుగేళ్లకే, 1987లో, క్షిపణి విద్యను బయటికి పోనివ్వకూడదని సంపన్న దేశాలు ఒప్పందం కుదుర్చుకున్నాయి. తలుపులు మూసుకునే వేళకు అయిదు దారుల్లోనూ మన అడుగులు పడి ఉన్నాయి. సాంకేతిక రిస్కు పెంచి, దౌత్యపు రిస్కు తగ్గించిన నిర్ణయం అది.

అన్నింటికంటే కష్టమైన నిర్ణయం ఆపేయడం. నిండా మునిగినవాడికి చలేమిటన్న సామెత ఎన్నో ప్రాజెక్టు సమావేశాల్లో పైకి అనకుండానే గెలుస్తుంది. ఇప్పటికే ఇంత పెట్టాం, ఇంకొంచెం పెడదాం. పెట్టిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు. ఇకముందు పెట్టేదానికి ఏం వస్తుందన్నదొక్కటే అడగాల్సిన ప్రశ్న. చెడు వార్త చెప్పిన కుర్ర ఇంజనీరును మెచ్చుకునే చోటే ఆ ప్రశ్న సకాలంలో పైకి వస్తుంది. ఆపేయడం అంటే పారేయడమూ కాదు. డెవిల్ ఆగింది, దాని ఇంజన్ వంశం పృథ్విలో, అగ్నిలో బతికింది.

ఇకమీదట పత్రికలో కొత్త ఆయుధం గురించి ప్రకటన చూసినప్పుడు, దూరం ఎంత, వేగం ఎంత అని మాత్రమే చదివి ఊరుకోకండి. మూడు ప్రశ్నలు వేయండి. ఇందులో ఇంతకు ముందు మనం చేయనిది ఏది? అది నిజంగా వాడే చోట ఎప్పుడు పరీక్షకు నిలబడుతుంది? అది ఆగమంటే ఆగే మనసు మనకుందా? ఈ మూడింటికీ మొదటిరోజే జవాబు ఉన్న ఆయుధం జాతకం బాగుంటుంది. జవాబు లేని చోట ఆ లోటును చివరికి భరించేది మే నెల మధ్యాహ్నం ఇసుకలో పడుకుని, ఎదురుగా వస్తున్న ట్యాంకు మీద గురి పెట్టి ఉన్న ఒక సైనికుడు.